ఎడమ మెషిన్

ఆ వేసవిలో నాకు కోపం రాని రోజు లేదు. డిగ్రీ పరీక్షలు రాసి పెట్టె సర్దుకుని ఇంటికొచ్చిన మూడో రోజే తెలిసింది, సినిమా హాల్లో నాన్నకు సాయంగా ఉండే అసిస్టెంటును తీసేశారని. "రెండు మెషిన్లకు ఇద్దరెందుకు? నీకు రెండు చేతులున్నాయిగా" అన్నాడట మేనేజరు. నాన్న ఆ మాట చెప్పి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

మేనేజరు ప్రొప్రైటరు గారి బావమరిది. హాల్లో పనిచేసే వాళ్లందరూ చాటుగా అతన్ని బావమరిది అనే అనేవాళ్లు. ప్రొప్రైటరు గారు వేరే ఊళ్లో ఉండేవారు. ఏడాదికి ఒకసారి వస్తే వచ్చినట్టు. మిగతా రోజులన్నీ బావమరిదివే. నాన్న అక్కడ ముప్పై ఒక్క ఏళ్లుగా ప్రొజెక్టరు ఆపరేటరు. అమ్మ బాల్కనీ గేటు దగ్గర టికెట్లు చింపుతుంది. మా ఇల్లు హాలు వెనక సందులోనే. సినిమాలో పాట మొదలైతే మా వంటింట్లో వినిపిస్తుంది.

అసిస్టెంటు లేడు కాబట్టి రీళ్లు వెనక్కి చుట్టే పని నేను చేస్తానన్నాను. నాన్న "చుట్టు. మెషిన్ల జోలికి మాత్రం రాకు" అన్నాడు. క్యాబిన్ ఇనప తలుపు మీద ఎర్ర రంగుతో అదే రాసి ఉంటుంది: లైసెన్సు లేనివారు మెషిన్లు ముట్టరాదు.

క్యాబిన్ అంటే పెద్ద గదేం కాదు. పక్కపక్కన రెండు మెషిన్లు, గోడకు చిన్న చిన్న అద్దాల కిటికీలు, మూలన రీళ్లు చుట్టే బల్ల. బొమ్మకు వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు మండే వేడికి పగలు ఆ గదిలో నిలబడితే పొయ్యిలో తల పెట్టినట్టుండేది. నాన్న మెడలో తడి తువ్వాలు వేసుకుని అటూ ఇటూ తిరుగుతుండేవాడు. కుడి మెషిన్ మంచిది, చెప్పిన మాట వింటుంది. ఎడమదానికి నాన్న పెట్టిన పేరు ఆడపడుచు. ఏదో ఒకదానికి అలగనిదే దానికి పూట గడవదు.

ఫిల్ము పై పెట్టెలోంచి దిగి, దీపం ముందుండే గేటు అనే సన్నటి సందులో ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, కదిలి, మళ్లీ ఆగి, కింది పెట్టెలోకి చుట్టుకుంటుంది. సెకనుకు ఇరవై నాలుగుసార్లు ఆగాలి. ఫిల్ము అంచున ఉండే కన్నాల్లోకి పళ్లు దూర్చి దాన్ని లాగేది స్ప్రాకెట్ అనే చిన్న చక్రం. ఆగినప్పుడు కదలకుండా పట్టుకునేవి గేటులోని రెండు ఉక్కు పట్టీలు. అవి అద్దంలా నున్నగా ఉండాలి. కొత్త ప్రింటు నడిపితే ఆ వేడికి ఫిల్ము మీది పూత మెత్తబడి పట్టీల మీద పక్కు కడుతుంది. రీలు రీలుకూ ఆ పక్కు తీసెయ్యాలి.

నాన్న దాన్ని తీసేది పాత టూత్‌బ్రష్ కాడతో. కుచ్చు విరిచేసి, కొసను గచ్చు మీద అరగదీసి, ఉలిలా చదును చేసి పెట్టుకున్నాడు. ఆకుపచ్చ కాడ. మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. ముప్పై ఒక్క ఏళ్లు చాకిరీ చేసిన మనిషికి వీళ్లు ఒక్క పనిముట్టు కొనివ్వలేదన్నమాట.

"ఇదేంటి నాన్నా, దీంతోనా?"

"బాగానే పనిచేస్తుందమ్మా."

నాన్న ఏదైనా రెండోసారి అడిగితే తప్ప విడమరిచి చెప్పే మనిషి కాదు. నేను రెండోసారి అడగలేదు. ఫిజిక్సు చదివిన దాన్ని, అడగడానికేముంది?

ట్యూషన్లు చెప్పగా మిగిలిన డబ్బుతో ఒక పనిముట్ల పెట్టె కొన్నాను. స్క్రూడ్రైవర్లు, పట్టుకారు, గీకడానికి సన్నటి ఉక్కు బద్ద, అన్నీ అమర్చి ఉన్నాయి. నాన్న పెట్టె తెరిచి ఒక్కొక్కటీ తడిమి చూసి, "మంచి సరుకు" అన్నాడు. అమ్మని పిలిచి చూపించాడు. స్క్రూడ్రైవర్లు వాడుకున్నాడు కూడా. ఉక్కు బద్ద మాత్రం సొరుగులోంచి బయటికి రాలేదు. పాత అలవాటు, మొహమాటం అనుకున్నాను.

ఒక ఆదివారం మ్యాట్నీకి ముందు నాన్న భోజనానికి దిగాడు. ఎడమ మెషిన్ గేటు తెరిచే ఉంది. సొరుగు లాగి, ఉక్కు బద్ద తీసి, నేనే శుభ్రం చేశాను. నాన్న కాడతో పావుగంట తోముతాడు. నాకు రెండు నిమిషాలు పట్టింది. పక్కు కరకరమంటూ లేచొచ్చింది. పట్టీలు తళతళలాడాయి.

"ఆడపడుచుకు అలంకారం అయిపోయింది నాన్నా" అన్నాను ఆయన రాగానే.

నాన్న గేటులోకి వంగి చూశాడు. బొటనవేలి గోటితో పట్టీని పైనుంచి కిందికి ఒకసారి రాశాడు. నా మొహంలోకి చూశాడు.

"సరేలే. నువ్వెళ్లి తిను. అన్నం చల్లారిపోతుంది."

*

నాలుగు రోజులకు ఇంటర్వెల్‌కు ముందు రీల్లో ఫిల్ము తెగింది. కింద ఈలలు, కుర్చీల మీద దరువులు. నాన్న నిమిషంలో అతికి మళ్లీ నడిపాడు. ఆ ప్రింటు వెనక్కి వెళ్లాక డిస్ట్రిబ్యూటరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, మీ హాలు నుంచి వచ్చిన ప్రింటుకు కన్నాలు చిరిగి ఉన్నాయని. తర్వాతి వారం వచ్చిన ప్రింటుకూ అదే జరిగింది.

బావమరిది ఆ సీజన్లో మొదటిసారి క్యాబిన్ మెట్లెక్కాడు. చెమట తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏం పెద్దాయనా, చేతులు వణుకుతున్నాయా, కళ్లు కనపడట్లేదా? ఏదో ఒకటి చెప్పు."

"చూస్తున్నాను సార్."

"నువ్వు చూస్తూ ఉండు, వాళ్లు ప్రింట్లు ఆపేస్తారు. ఇంకొక్క ప్రింటు చిరిగిందా, తాళాలు నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపో. వెళ్తూ వెళ్తూ మీ ఆవిణ్ని కూడా తీసుకెళ్లు. ఒక్కదాన్నే గేటు దగ్గర పెట్టి బెంగ పెట్టుకోవడమెందుకు?"

తన జోకుకు తనే నవ్వుకుంటూ దిగిపోయాడు. నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకుని మెషిన్ వైపు తిరిగాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బావమరిది మీద ఎంతో, నాన్న మీదా అంతే. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అనొచ్చు కదా.

ఆ రోజు నుంచి నాన్న గంట ముందే క్యాబిన్‌కు వెళ్లేవాడు. నేను వెళ్లేసరికి గేటు పట్టీలు విప్పి, ఏదో పొడి అద్దిన గుడ్డతో రుద్దుతూ కనిపించేవాడు.

"ఏంటి నాన్నా అది?"

"మెరుగు."

మెషిన్ అంతా ఒక కొసనుంచి తడిమాడు. ఫిల్ముకు గేటు పైనా కిందా వదిలే వంపులు సరిచూశాడు. కింది పెట్టె బెల్టు వదులు చేశాడు. స్ప్రింగులు మార్చాడు. స్ప్రాకెట్ దగ్గర భూతద్దం పెట్టి నన్ను పిలిచాడు. పళ్లు కొక్కేల్లా వంగిపోయి ఉన్నాయి.

"ఆరేళ్ల కిందట తిప్పి బిగించాను, రెండోవైపు పళ్లు వాడుకుందామని. ఇప్పుడు అదీ అయిపోయింది."

"కన్నాలు చింపేది ఇదే కదా నాన్నా?"

నాన్న భూతద్దం తుడిచి సొరుగులో పెట్టాడు. "ఇదీ ఒకటి" అన్నాడు.

"మరి కొత్తది అడగలేదా?"

తలుపు పక్కన మేకుకు వేలాడుతున్న రిపేరు పుస్తకం వైపు చూశాడంతే. ఆ పుస్తకంలో నాన్న రోజూ రాస్తాడు. ఏ మెషిన్‌కు ఎన్ని చుక్కల నూనె పోసిందీ, ఏ స్క్రూ బిగించిందీ, ఏం కావాలో. అక్షరాలు వంకరగా ఉంటాయి, దీర్ఘాలు ఎక్కడ పడితే అక్కడ పడతాయి. కానీ రోజు తప్పదు. పేజీ పేజీకీ కింద మేనేజరు సంతకం ఉంది. చదివి పెట్టిన సంతకం కాదది. నేను బల్ల మీద కూర్చుని ఆరేళ్లు వెనక్కి తిప్పాను. "స్ప్రాకెట్ అరిగింది, కొత్తది కావాలి." ఇరవై రెండుసార్లు ఉంది. ఇరవై రెండుసార్లూ కింద బావమరిది సంతకం.

ఇంటికెళ్లి ఆ మధ్యాహ్నమే అర్జీ రాశాను. ఎవరికీ చెప్పలేదు. నేను చదివిన చదువంతా ఇందుకే అనిపించింది. మూడు పేజీలు వచ్చింది. కొట్టివేతలు లేకుండా శుభ్రంగా తిరగరాసి, నకలు ఒకటి పెట్టెలో దాచుకుని, అసలుది ప్రొప్రైటరు గారి చిరునామాకు రిజిస్టరు చేశాను. మేనేజరు నిర్లక్ష్యమే ప్రింట్లు చిరగడానికి ఏకైక కారణమని రాశాను. అప్పటికి నాకు రవ్వంత అనుమానం కూడా లేదు.

*

పది రోజులకు ప్రొప్రైటరు గారు వచ్చారు. వెంట ఒక మెకానిక్ ఉన్నాడు. తోలు సంచి, దారంతో మెడకు కట్టుకున్న కళ్లజోడు. వెనకాల బావమరిది. ఉదయం, షో లేని వేళ. అమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని పైకొచ్చింది. అంతమంది పట్టే గది కాదు కాబట్టి నేను రీళ్ల బల్లకు ఆనుకుని నిలబడ్డాను.

ప్రొప్రైటరు గారు జేబులోంచి మడతలు విప్పారు. నా అర్జీ.

"ఏమయ్యా, ఇది నువ్వు పంపించిందేనా?"

నాన్న తెల్లబోయాడు. "నేను రాశానండీ" అన్నాను.

"బాగా రాశావమ్మా" అని, ఆయన పైకే చదవడం మొదలుపెట్టారు. "నిరుపేద, నిరక్షరాస్యుడు, నోరులేని అమాయకుడు అయిన నా తండ్రి, యంత్రాల లోతుపాతులు తెలియకపోయినా కేవలం ఒళ్లు వంచి పనిచేస్తూ..." ఆయన గొంతు తీరుబడిగా సాగుతోంది. ఇంట్లో రాసుకున్నప్పుడు ఆ మాటలు అలా వినపడలేదు. నాన్న నేల చూస్తున్నాడు. "...కనీసం ఒక పనిముట్టుకైనా నోచుకోక, విరిగిన టూత్‌బ్రష్ కాడతో యంత్రాన్ని శుభ్రం చేసుకునే దుర్గతిలో..."

"టూత్‌బ్రష్‌తోనా?" అన్నాడు బావమరిది. "పేస్టు కూడా పెడతాడేమో కనుక్కోండి బావగారూ. హాలు ఖర్చులో రాస్తున్నాడేమో."

మెకానిక్ అప్పటికే ఎడమ మెషిన్ గేటు విప్పుతున్నాడు. పట్టీని వెలుగుకు ఎత్తిపట్టి వంచి చూశాడు. దాని మీద కొంచెం పక్కు ఉంది. తోలు సంచిలోంచి గుడ్డ చుట్ట ఒకటి తీసి బల్ల మీద, నా చేతి పక్కనే, విప్పాడు. వరసగా పనిముట్లు. వాటి మధ్యలోంచి ఒకటి తీసి పక్కు గీకడం మొదలుపెట్టాడు.

తెల్లటి టూత్‌బ్రష్ కాడ. కుచ్చు విరిచేసి, కొస ఉలిలా అరగదీసింది.

నాన్న ఆకుపచ్చ కాడ బల్ల మీదే ఉంది.

పక్కు పోయాక అతను పట్టీ మీద గోరు రాశాడు, ఆ ఆదివారం నాన్న రాసినట్టే. "ఎవరో ఉక్కుతో గీకారండీ దీన్ని. గీతలు పడ్డాయి. మెరుగు పెట్టి పోగొట్టాలని బాగా చూశారు గానీ లోతు పోలేదు. ఈ గీతల్లో పూత ఇరుక్కుంటుంది, రీలు సగం కాకుండానే పక్కు కడుతుంది. ఫిల్మును గేటు వదలదు, కింద చక్రం లాగుతుంది. కన్నం చిరగక ఏం చేస్తుంది?"

"మరి స్ప్రాకెట్?" అన్నారు ప్రొప్రైటరు గారు, అర్జీ చూస్తూ.

"అరిగింది నిజమే. లాగితే ఇంకో ఏడాది లాగుతుంది. ప్రింట్లు చింపింది మాత్రం ఇది."

బావమరిది చేతులు కట్టుకున్నాడు. "చూశారా బావగారూ. ఏకైక కారణం నేనట."

"ఎవరు గీకారు?"

"నేనే" అన్నాడు నాన్న.

మెకానిక్ కళ్లజోడు పైకి తోసుకుని, బల్ల మీదున్న ఆకుపచ్చ కాడని చూశాడు. నాన్నని చూశాడు. తర్వాత నన్ను. తన కాడని గుడ్డలో చుట్టేసుకున్నాడు.

"కాదండీ..." అన్నాను.

"అమ్మాయ్" అంది అమ్మ. "అయ్యగారికి నీళ్లు అయిపోయాయి. కిందికెళ్లి పట్టుకురా."

చెంబు నా చేతిలో పెట్టింది. నిండుగా ఉంది, మెట్ల మీద నా పాదాల మీదికి తొణికింది. ఆ చెంబుతో నేను కిందికెళ్లాను. నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేనిది ఉక్కు బద్ద పట్టుకున్నందుకు కాదు, అలా వెళ్లినందుకు.

తిరిగొచ్చేసరికి తీర్పు అయిపోయింది. కొత్త పట్టీలు వేయిస్తారు. నాన్న ఉంటాడు. మేనేజరు మీద అర్జీ తప్పని ఒప్పుకోవాలి, గీకింది తనేనని రిపేరు పుస్తకంలో రాసివ్వాలి.

"నిరక్షరాస్యుడని రాశారుగా" అన్నాడు బావమరిది. "పాపం రాయమంటే ఎలా రాస్తాడు? వేలిముద్ర వేయించుకుందాం."

నాన్న మేకు మీదనుంచి పుస్తకం తీశాడు. పెన్ను మూత విప్పాడు. నిలబడే రాశాడు, తొందరపడకుండా, ఒక్కో అక్షరమూ దిద్దినట్టు. "ఉక్కు బద్దతో గీకటం వల్ల ఎడమ మెషిన్ పట్టీలు పాడయినవి. తప్పు నాది." కింద సంతకం. ముప్పై ఒక్క ఏళ్ల పుస్తకాల్లో ఆయన రాసిన అబద్ధం అదొక్కటే.

*

మధ్యాహ్నం ముగ్గురం అన్నాలు తిన్నాం. చెయ్యి కడుక్కున్నాక నాన్న అడిగాడు.

"ఆ కాగితం నకలుందా?"

"ఉంది."

"చదువు."

పెట్టెలోంచి తీసి చదివాను. రెండో వాక్యంలో ఆపమన్నాడు.

"ఆ మాటకు అర్థమేంటి?"

"చదువు... రాయడం, చదవడం రాని..."

"నాలుగో తరగతి చదివాను. రోజూ రాస్తున్నాను. ఆ పుస్తకం నువ్వు చదివావు కూడా. ఇరవై రెండుసార్లు అడిగానని లెక్కపెట్టింది నువ్వే. రాయడం రానివాడు ఇరవై రెండుసార్లు ఎలా రాశాడు?"

నాన్న గొంతు పెంచలేదు. నాకు గుర్తున్నంతలో ఆయన నన్ను తిట్టింది అదొక్కసారే.

"అలా రాస్తే వాళ్లకు జాలేస్తుందని..."

"వాళ్ల జాలితో నాకేం పని? మెషిన్ లోతుపాతులు తెలియవని రాశావు. ముప్పై ఒక్క ఏళ్లు క్యాబిన్లో నేను గాడిదలు కాశానా?"

"రేపు పొద్దున్నే వెళ్లి పుస్తకంలో రాసేస్తాను. గీకింది నేనని."

"రాయి. లైసెన్సు ఇన్‌స్పెక్టరు వచ్చేది వచ్చే నెలే. ఉక్కుతో గీకిన ఆపరేటరుకు చీవాట్లు పెడతాడు. లైసెన్సు లేని మనిషిని మెషిన్ ముట్టనిచ్చిన ఆపరేటరుకు లైసెన్సే ఉండదు." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నీ మనసు తేలిక చేసుకోవడానికి నా లైసెన్సు ఖర్చుపెట్టకు."

ఇక ఆగలేకపోయాను. "మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు? గోరు పెట్టి చూశావు. నీకు తెలుసు. ఆ రోజే నాలుగు తిట్టుంటే నేను అర్జీ రాసేదాన్నా? ఇంత జరిగేదా? మూడు వారాలు పట్టీలు రుద్దుకుంటూ కూర్చున్నావు. పుస్తకంలో రోజూ నూనె చుక్కలు కూడా రాసేవాడివి, గేటు గురించి ఒక్క ముక్క రాయలేదు."

నాన్న గుమ్మం దగ్గర ఆగాడు.

"చెబుదామనే అనుకున్నాను. అలంకారం అయిపోయింది నాన్నా అన్నప్పుడు నీ మొహం చూశాను."

"నేను కూరలో ఉప్పేస్తే మాత్రం నా మొహం చూడడు" అంది అమ్మ కంచాలు తీస్తూ. "ఎక్కువైందని అప్పుడే చెప్తాడు."

మ్యాట్నీకి వేళైందని నాన్న వెళ్లిపోయాడు. కాసేపటికి వంటింటి గోడ అవతల పాట మొదలైంది.

*

కొత్త పట్టీలు వచ్చాయి. ఆ తర్వాత ఒక్క ప్రింటు చిరగలేదు. స్ప్రాకెట్ రాలేదు. మెకానిక్ ఇంకో ఏడాది లాగుతుందన్నాడుగా అన్నాడు బావమరిది, ఆ ఒక్క మాటా భలే గుర్తుపెట్టుకుని. ఇన్‌స్పెక్టరు వచ్చి, నాన్న రాసిన పేజీ చదివి, నా ముందే చీవాట్లు పెట్టాడు. ముప్పై ఏళ్ల సర్వీసు ఏం నేర్పిందయ్యా నీకు అన్నాడు. నాన్న చేతులు కట్టుకుని విన్నాడు. నేను రీలు చుట్టే పిడి గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. అరచేతిలో మర్నాటి దాకా గుర్తు ఉంది.

వెళ్లబోతున్న ఇన్‌స్పెక్టరును మెట్ల మీద ఆపి, ఆపరేటరు పరీక్షకు దరఖాస్తు ఎక్కడ దొరుకుతుందని అడిగాను. "ఎవరికి?" అన్నాడు. "నాకు" అన్నాను. డిగ్రీ ఫలితాలు వచ్చాయి. ఫస్టు క్లాసు. ఇంట్లో అందరం సంతోషించాం గానీ, ఆ తర్వాత నేను చదివింది నాన్న దగ్గర. మెషిన్ ముట్టుకోకుండా, రెండడుగుల దూరంలో నిలబడి. అడగడం, జవాబు అర్థం కాకపోతే రెండోసారి అడగడం. రెండోసారి అడిగితే నాన్న ఎంత చెప్పేవాడో. ఎడమ మెషిన్ చప్పుడు మారితే ఫిల్ము వంపు తగ్గిందని, కాలిన వాసన వస్తే నూనె ఎక్కడ ఎండిందో, అన్నీ. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు ఆయన్ని. నేనూ అడగలేదు.

వానాకాలం చివర్లో నా లైసెన్సు వచ్చింది. ఆ రోజు నాన్న పెన్ను నా చేతికిచ్చి, పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. నేను తేదీ వేసి రాశాను:

"ఎడమ మెషిన్ గేటు రీలు రీలుకూ శుభ్రం చేయడమైనది, టూత్‌బ్రష్ కాడతో. స్ప్రాకెట్ రెండు వైపులా అరిగింది. కొత్తది కావాలి. ఇది ఇరవై మూడోసారి అడగడం."

సంతకం పెట్టి ఆయన ముందుకు జరిపాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. పెన్ను అడిగి తీసుకున్నాడు.

"కిందటి వారం నేనొకసారి రాశాను" అన్నాడు.

"మూడో" అన్న మాట కొట్టేసి, పైన వంకర అక్షరాలతో "నాలుగో" అని దిద్దాడు.